లివర్ దాతలో కొవ్వు ఎంత? మొదటి రోజు నుంచి ఆపరేషన్ నిర్ణయం దాకా సమగ్ర మార్గదర్శి

ఇంట్లో ఒకరికి లివర్ మార్పిడి తప్పదని తేలగానే కొడుకో, కూతురో, భార్యో, తమ్ముడో "నాది తీసుకోండి" అంటూ ముందుకొస్తారు. మన దేశంలో జరిగే లివర్ మార్పిడుల్లో ఎక్కువ భాగం ఇలా బతికున్న దాతలతోనే నడుస్తున్నాయి. అయితే బ్లడ్ గ్రూపు కలిసి, వయసు సరిపోయి, మనిషి చూడ్డానికి ఆరోగ్యంగా ఉన్నా, స్కానింగ్ దగ్గర ఆగిపోయేవాళ్లు ఎందరో. అక్కడ అడ్డుపడే ప్రధాన కారణాల్లో ఒకటి ఫ్యాటీ లివర్, అంటే లివర్‌లో కొవ్వు పేరుకోవడం.

దాతను పక్కన పెట్టే కారణాల్లో చాలావాటిని ఎవరూ మార్చలేరు. రక్తనాళాల అమరిక మారదు, లివర్ సైజు పెరగదు. కొవ్వు మాత్రం కొన్ని వారాల్లో తగ్గుతుంది. అందుకే దాన్ని వీలైనంత ముందు పట్టుకోవాలి, "కొంచెం ఉంది" అన్న మాటతో సరిపెట్టకుండా అంకెల్లో కొలవాలి. ఈ వ్యాసం దాతల కుటుంబాలకు, ట్రాన్స్‌ప్లాంట్ కోఆర్డినేటర్లకు, కేసును పెద్ద ఆసుపత్రికి పంపే జిల్లా వైద్యులకు. ఇక్కడ ఇచ్చిన హద్దులు చాలా కేంద్రాలు పాటించేవే. అయినా ఒక్కో కేంద్రం కాస్త అటూ ఇటూ పెట్టుకుంటుంది కాబట్టి తుది మాట మీ ట్రాన్స్‌ప్లాంట్ బృందానిదే.

కొవ్వు ఎందుకు అడ్డు

ఇక్కడ ఒకే లివర్ మీద ఇద్దరి ప్రాణాలు ఆధారపడి ఉంటాయి. పెద్దవాళ్లకు ఇచ్చేటప్పుడు ఎక్కువగా కుడి భాగం తీస్తారు. అది మొత్తం లివర్‌లో 60 నుంచి 65 శాతం. మిగిలిన 35 నుంచి 40 శాతంతో దాత బతకాలి, కొన్ని వారాల్లో అదే పెరగాలి. కణాల నిండా కొవ్వు ఉంటే అవి ఉబ్బి, పక్కనున్న సన్నటి రక్తనాళాలను నొక్కేస్తాయి. దాంతో రక్తప్రసరణ తగ్గుతుంది, లివర్ తిరిగి పెరగడం మందగిస్తుంది. అవతల, తీసిన భాగం కొంతసేపు రక్తం లేకుండా ఐస్‌లో ఉండి, మళ్లీ రక్తం అందుకున్నప్పుడు కొవ్వున్న కణాలే ముందుగా దెబ్బతింటాయి. మార్చిన లివర్ సరిగా పనిచేయకపోవడానికి ఇదొక కారణం.

పాథాలజీ లెక్కలో 5 శాతం లోపు కణాల్లో కొవ్వుంటే మామూలు, 5 నుంచి 33 దాకా తక్కువ, 34 నుంచి 66 దాకా మధ్యస్థం, 66 దాటితే తీవ్రం. దాత విషయంలో హద్దులు ఇంతకంటే కఠినం. కుడి భాగం తీయాలంటే 10 శాతం లోపు ఉంటే ఎవరూ అభ్యంతరం చెప్పరు. 10 నుంచి 20 మధ్య అయితే మిగిలిన లెక్కలన్నీ బాగుండాలి. 20 నుంచి 30 మధ్య ఉంటే తగ్గించుకుని రమ్మనడమే మంచిది. 30 దాటితే సాధారణంగా తీసుకోరు. ఈ శాతాలన్నీ కణంలో పెద్ద చుక్కగా పేరుకున్న కొవ్వుకు సంబంధించినవి. చిన్న చుక్కల కొవ్వుతో మార్పిడికి ఇంత ఇబ్బంది ఉండదు.

మొదటి మెట్టు: స్కానింగ్‌కు ముందే తేలిపోయేవి

వయసు, బ్లడ్ గ్రూపు, ఎత్తు, బరువు, నడుము చుట్టుకొలత. ఈ ఐదూ మొదటి రోజే రాసుకోవాలి. చాలా కేంద్రాలు 18 నుంచి 55 ఏళ్ల వాళ్లనే తీసుకుంటాయి. బీఎంఐ (ఎత్తుతో పోల్చి బరువు ఎంతో చెప్పే అంకె) 30 దాటితే చాలాచోట్ల బరువు తగ్గి రమ్మంటారు. అయితే ఆ 30 అనే హద్దు దగ్గర మనవాళ్లు మోసపోతారు. భారతీయుల్లో బీఎంఐ 23 దాటితేనే అధిక బరువు, 25 దాటితే ఊబకాయం. నడుము మగవాళ్లకు 90 సెంటీమీటర్లు, ఆడవాళ్లకు 80 దాటితే పొట్టలో కొవ్వు ఉన్నట్టే. చేతులు, కాళ్లు సన్నగా ఉండి పొట్ట మాత్రం ముందుకొచ్చిన మనిషిని చూసి "సన్నగానే ఉన్నాడు కదా" అనుకోకూడదు. బీఎంఐ 22 ఉన్నవాళ్లలోనూ ఫ్యాటీ లివర్ కనబడుతుంది. టేపును బొడ్డు మీద బెల్టు కట్టే చోట కాకుండా, చివరి పక్కటెముకకూ తుంటి ఎముకకూ సరిగ్గా మధ్యలో, ఊపిరి వదిలాక పెట్టి కొలవాలి.

రోగి లివర్ ఎందుకు చెడిందన్నది తర్వాతి ప్రశ్న. ఫ్యాటీ లివర్ ముదిరి సిర్రోసిస్ (లివర్ అంతా మచ్చలు పడి గట్టిపడడం) అయిన తండ్రికి కొడుకు దాతగా వస్తే, ఆ కొడుకు లివర్‌ను మొదటి నుంచీ అనుమానంతోనే చూడాలి. ఒకే వంటిల్లు, ఒకే అలవాట్లు, వాటికి తోడు జన్యువులు. పీఎన్‌పీఎల్‌ఏ3 అనే జన్యువులో ఒక మార్పు ఉన్నవాళ్లలో కొవ్వు తేలిగ్గా పేరుకుంటుంది, అది కుటుంబాల్లో నడుస్తుంది. ఇలాంటి ఇంట్లో ఒక్క దాతనే పట్టుకుని కూర్చోకుండా ఇద్దరు ముగ్గురికి మొదటి రెండు మెట్ల పరీక్షలు ఒకేసారి చేయిస్తే రోజులు కలిసొస్తాయి.

మందు అలవాటు గురించి దాతను ఒంటరిగా కూర్చోబెట్టి అడగాలి. భార్య ముందో, మామగారి ముందో అడిగితే నిజం రాదు. "ఎప్పుడైనా" అనే జవాబును గ్రాముల్లోకి మార్చుకోవాలి. 30 మిల్లీలీటర్ల విస్కీ పెగ్గులో సుమారు 10 గ్రాముల ఆల్కహాల్ ఉంటుంది. 5 శాతం ఆల్కహాల్ ఉన్న 650 మిల్లీలీటర్ల బీరులో సుమారు 26 గ్రాములు, 8 శాతం స్ట్రాంగ్ బీరైతే 40 గ్రాముల పైనే. వారానికి మగవాళ్లు 210 గ్రాములు, ఆడవాళ్లు 140 గ్రాములు దాటితే లివర్‌లోని కొవ్వుకు మందును కూడా కారణంగా లెక్కలోకి తీసుకుంటారు. అనుమానం ఉంటే పీఈటీహెచ్ అనే రక్తపరీక్ష గత రెండు నుంచి నాలుగు వారాల తాగుడును బయటపెడుతుంది. ఇది దాతను తప్పుపట్టడానికి చేసేది కాదు, ఆపరేషన్ బల్ల మీద అతని ప్రాణం కాపాడడానికి చేసేదని ముందే చెప్పాలి.

మందుల జాబితా కూడా తీసుకోండి. స్టెరాయిడ్లు, టామాక్సిఫెన్, మెథోట్రెక్సేట్, వాల్‌ప్రోయేట్, అమియోడరోన్ లివర్‌లో కొవ్వు పెంచగలవు. వాటిని సొంతంగా ఆపకూడదు, రాసిచ్చిన డాక్టర్‌తో మాట్లాడాకే.

రెండో మెట్టు: రక్తపరీక్షలు

లివర్ ఫంక్షన్ టెస్టు, పరగడుపు షుగర్, హెచ్‌బీఏ1సీ (మూడు నెలల సగటు షుగర్), లిపిడ్ ప్రొఫైల్, థైరాయిడ్, ప్లేట్‌లెట్లు, ఐఎన్‌ఆర్ (రక్తం గడ్డకట్టే తీరు), హెపటైటిస్ బి, సి, హెచ్‌ఐవీ, ఫెరిటిన్ (ఒంట్లో ఇనుము నిల్వ). రోగికి విల్సన్ (లివర్‌లో రాగి పేరుకునే జబ్బు) లాంటి వంశపారంపర్య జబ్బు ఉంటే దాతకు సెరులోప్లాస్మిన్ పరీక్ష కూడా.

లివర్ ఫంక్షన్ టెస్టు నార్మల్‌గా వచ్చిందంటే కొవ్వు లేదనుకోవద్దు. లివర్‌లో 30 శాతం కొవ్వున్న మనిషికి కూడా ఏఎల్‌టీ (లివర్ కణాలు దెబ్బతింటే రక్తంలో పెరిగే ఎంజైమ్) మామూలుగానే ఉండొచ్చు. పైగా ల్యాబ్ రిపోర్టు మీద పైహద్దుగా 45 అనో 55 అనో అచ్చవుతుంది. ఆరోగ్యవంతుల్లో అసలు హద్దు మగవాళ్లకు 33, ఆడవాళ్లకు 25 దరిదాపుల్లోనే. ఏఎల్‌టీ 42 ఉన్న మగ దాతకు రిపోర్టులో నల్ల అక్షరాలు పడకపోయినా అది ఎక్కువే. బిలిరుబిన్ ఒక్కటే కాస్త పెరిగి మిగిలినవన్నీ బాగుంటే మాత్రం గిల్బర్ట్ సిండ్రోమ్ అనే పుట్టుకతో వచ్చే, హాని చేయని మార్పు కావచ్చు. దాని వల్ల దాతను వదులుకోనక్కర్లేదు.

మూడో మెట్టు: అల్ట్రాసౌండ్, ఫైబ్రోస్కాన్

అల్ట్రాసౌండ్ చవక, సూది ఉండదు, కానీ దీని చూపు మందం. కొవ్వు 20 నుంచి 30 శాతం దాటితే బాగానే పట్టుకుంటుంది. అంతకంటే తక్కువైతే తరచూ దాటవేస్తుంది. "గ్రేడ్ 1 ఫ్యాటీ లివర్" అన్న రిపోర్టు చూసి దాతను ఇంటికి పంపేయడం ఎంత తప్పో, "నార్మల్ స్టడీ" అన్న రిపోర్టు చూసి నిశ్చింతగా ఉండడం అంతే తప్పు. అల్ట్రాసౌండ్ గ్రేడుకూ బయాప్సీ (సూదితో లివర్ ముక్క తీసి చూసే పరీక్ష) గ్రేడుకూ పేరు ఒకటే అయినా కొలత వేరు.

ఫైబ్రోస్కాన్ అంటే పక్కటెముకల మీద ప్రోబ్ పెట్టి, సూది లేకుండా లివర్‌ను కొలిచే యంత్రం. అది రెండు అంకెలిస్తుంది. క్యాప్ అనేది కొవ్వుకు. దాని స్కేలు 100 నుంచి 400. 248 దాటితే కొవ్వు మొదలైనట్టు, 268 దాటితే మధ్యస్థం, 280 దాటితే తీవ్రం అన్నది ఎక్కువగా వాడే లెక్క. గమనించారా, మధ్యస్థానికీ తీవ్రానికీ తేడా 12 మాత్రమే. కాబట్టి క్యాప్‌తో వడపోయవచ్చు కానీ తీర్పు చెప్పకూడదు. రెండో అంకె లివర్ గట్టిదనం, కిలోపాస్కల్స్‌లో. 7 దాటితే మచ్చలు పడుతున్నాయేమో చూడాల్సిందే.

ఈ పరీక్ష తప్పడానికి కారణాలు మామూలుగా ఇవి. కనీసం మూడు గంటలు ఏమీ తినకుండా రావాలి, టిఫిన్ చేసి వస్తే గట్టిదనం ఎక్కువగా చూపిస్తుంది. సరైన కొలతలు పది ఉండాలి, గట్టిదనం కొలతల మధ్య తేడా మధ్యస్థ విలువలో 30 శాతం దాటకూడదు. లావుగా ఉన్నవాళ్లకు ఎక్స్‌ఎల్ ప్రోబ్ వాడాలి. మామూలు ప్రోబ్ పెడితే చర్మం కింది కొవ్వు లెక్కను పాడుచేస్తుంది. ఈ వివరాలన్నీ రిపోర్టులోనే ఉంటాయి, అడిగి చూడండి.

నాలుగో మెట్టు: సీటీ స్కాన్

అసలు వడపోత ఇక్కడే. దాతకు రక్తనాళాలు, లివర్ పరిమాణం చూడ్డానికి ఎలాగూ సీటీ తీస్తారు. ఆ సిట్టింగ్‌లోనే కాంట్రాస్ట్ (రక్తనాళాలు తెల్లగా కనబడేందుకు ఎక్కించే మందు) ఎక్కించకముందు ఒక ప్లెయిన్ స్కాన్ తప్పనిసరిగా తీయాలి. బయట ఎక్కడో చేయించుకుని వచ్చిన సీటీల్లో ఎక్కువగా లోపించేది ఇదే. సీటీలో కొవ్వును లివర్, స్ప్లీన్ (ప్లీహం) సాంద్రతలు పోల్చి కొలుస్తారు, ఆ అంకెనే ఎల్‌ఏఐ అంటారు. కాంట్రాస్ట్ ఎక్కాక ఆ రెండూ వేర్వేరు వేగంతో తెల్లబడతాయి, అప్పుడు పోలిక చెల్లదు. రిక్వెస్ట్ ఫారం మీద "ప్లెయిన్ ఫేజ్ కావాలి, ఎల్‌ఏఐ ఇవ్వండి" అని రాస్తే రెండోసారి రేడియేషన్ తప్పుతుంది.

ఎల్‌ఏఐ లెక్క సులువు. లివర్ సాంద్రత సగటులోంచి స్ప్లీన్ సాంద్రత సగటు తీసేయాలి. ఆరోగ్యంగా ఉన్న లివర్ స్ప్లీన్ కంటే 8 నుంచి 10 యూనిట్లు ఎక్కువ ఉంటుంది. కొవ్వు చేరేకొద్దీ లివర్ నల్లబడి అంకె దిగుతుంది.

ప్లస్ 5 కంటే ఎక్కువ వస్తే చెప్పుకోదగ్గ కొవ్వు లేనట్టు. ప్లస్ 5 కీ మైనస్ 10 కీ మధ్య ఉంటే 30 శాతం లోపు కొవ్వు ఉండొచ్చు, ఇది ఎటూ తేలని జోన్. మైనస్ 10 కంటే కిందికి పోతే కొవ్వు 30 శాతం దాటిందనే అనుకోవాలి.

ఉదాహరణకు లివర్ సగటు 51, స్ప్లీన్ సగటు 49 అనుకోండి. ఎల్‌ఏఐ ప్లస్ 2. దాత ఫెయిల్ కాలేదు, పాస్ కూడా కాలేదు. తర్వాతి పరీక్షకు వెళ్లాలి.

కొలిచే తీరు మీదే అంతా ఆధారపడి ఉంది. కుడి భాగంలో ఒక్కచోట గుండ్రం గీసి అంకె రాసేస్తే సరిపోదు, ఎందుకంటే కొవ్వు లివర్ అంతటా ఒకేలా పరుచుకోదు. ఐదు స్లైసుల్లో, ఒక్కోదాంట్లో ఐదు చోట్ల, మొత్తం 25 కొలతలు తీసుకునే పద్ధతి ఉంది. గుండ్రం లోపల రక్తనాళం పడకూడదు, లివర్ అంచుకు ఆనకూడదు. స్ప్లీన్‌లోనూ కొన్ని చోట్ల కొలవాలి. లివర్‌లో ఇనుము ఎక్కువున్నా, అమియోడరోన్ వాడుతున్నా లివర్ తెల్లగా కనబడి కొవ్వును దాచేస్తుంది. ఫెరిటిన్ పరీక్ష ముందే చేయించమన్నది ఇందుకు కూడా.

ఐదో మెట్టు: ఎంఆర్‌ఐ

పిత్తనాళాలు చూడ్డానికి దాతకు ఎంఆర్‌సీపీ తీస్తారు. అదే సిట్టింగ్‌లో పీడీఎఫ్‌ఎఫ్ అనే కొవ్వు కొలత కూడా అడగండి. ఊపిరి ఒకసారి 20 సెకన్లు బిగబడితే చాలు, మొత్తం లివర్ కొవ్వు అంకె వస్తుంది. సూది లేకుండా కొవ్వు కొలిచే పద్ధతుల్లో ఇదే మేలైనది.

ఈ శాతాన్ని బయాప్సీ శాతంతో కలిపేయడం వల్ల అనర్థాలు జరుగుతాయి. బయాప్సీ చెప్పేది ఎన్ని కణాల్లో కొవ్వుందన్నది. పీడీఎఫ్‌ఎఫ్ చెప్పేది మొత్తం సంకేతంలో కొవ్వు వాటా. పీడీఎఫ్‌ఎఫ్‌లో 6 శాతం దాటితే కొవ్వు మొదలైనట్టు, 17 దాటితే బయాప్సీలో మధ్యస్థం అనే స్థాయికి చేరినట్టు. కాబట్టి ఎంఆర్‌ఐలో 18 శాతం చూసి "30 కంటే తక్కువే కదా" అని ముందుకు పోకూడదు. అది దాతను ఆపాల్సిన అంకె.

ఆరో మెట్టు: బయాప్సీ అవసరమైనప్పుడే

ఆరోగ్యంగా ఉన్న మనిషికి సూది గుచ్చుతున్నాం కాబట్టి ప్రతి దాతకూ బయాప్సీ చేయడం సరికాదు. ఎల్‌ఏఐ ఎటూ తేలనప్పుడు, ఎంఆర్‌ఐ, సీటీ పొంతన కుదరనప్పుడు, ఏఎల్‌టీ ఎందుకు పెరిగిందో అర్థం కానప్పుడు, బీఎంఐ 30 దరిదాపుల్లో ఉన్నప్పుడు చేస్తారు.

ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్ లాంటివి వాడుతుంటే డాక్టర్ చెబితే వారం ముందు ఆపుతారు. అల్ట్రాసౌండ్ చూస్తూ, మత్తు సూది ఇచ్చి, కుడివైపు పక్కటెముకల మధ్య నుంచి 16 గేజ్ సూదితో ముక్క తీస్తారు. ముక్క ఒకటిన్నర నుంచి రెండు సెంటీమీటర్ల పొడవుండాలి. అంతకు తక్కువైతే తీర్పు నమ్మదగ్గది కాదు, ఎందుకంటే ఆ ముక్క లివర్‌లో దాదాపు 50,000వ వంతు మాత్రమే. తర్వాత నాలుగు నుంచి ఆరు గంటలు పడుకోబెట్టి నాడి, బీపీ చూస్తారు. కుడి భుజం కాస్త లాగడం మామూలే. నొప్పి పెరుగుతూ నాడి వేగం పెరిగితే లోపల రక్తస్రావం అయ్యుండొచ్చు, వెంటనే నర్సును పిలవాలి.

రిపోర్టులో ఒక్క శాతం రాసి వదిలేస్తే సరిపోదు. పెద్ద చుక్కల కొవ్వు ఎంత, కణాలు ఉబ్బాయా, వాపు ఉందా, మచ్చ ఉందా, ఈ నాలుగూ విడివిడిగా ఉండాలి. కొవ్వు 8 శాతమే ఉన్నా, వాపుతో పాటు మచ్చ కనబడితే ఆ దాత పనికిరాడు. లివర్ జబ్బు ఇప్పటికే నడుస్తోందని అర్థం.

ఏడో మెట్టు: కొవ్వు తీసేసి బరువు లెక్కించడం

చాలామంది దాటవేసేది ఈ లెక్కనే. కొవ్వున్న భాగం పని చేయదనుకుని, ఒక్కో శాతం కొవ్వుకు ఒక్కో శాతం బరువు తగ్గించి చూడాలి. ఇది ఉజ్జాయింపే, అయినా జాగ్రత్త వైపు మొగ్గే ఉజ్జాయింపు.

రోగి బరువు 70 కిలోలు, తీయబోయే కుడి భాగం 700 గ్రాములు అనుకుందాం. రోగి బరువులో ఇది 1 శాతం. కనీసం 0.8 శాతం కావాలి కాబట్టి హాయిగా సరిపోతుంది. ఇప్పుడు దాత లివర్‌లో 20 శాతం కొవ్వుందనండి. 700లో 140 తీసేస్తే పనిచేసేది 560 గ్రాములు, అంటే సరిగ్గా 0.8. అంచు మీదికొచ్చింది.

దాత వైపు ఇంకా ముఖ్యం. మొత్తం లివర్ 1,200 మిల్లీలీటర్లు, మిగిలేది 35 శాతం, అంటే 420. 20 శాతం కొవ్వు తీసేస్తే 336, మొత్తంలో 28 శాతం. దాతకు కనీసం 30 శాతం మిగలాలి, కొవ్వుంటేనో వయసు 50 దాటితేనో 35 మిగలాలన్నది నియమం. స్కాన్ కాగితం మీద 35 అని రాసున్నా ఈ దాతను పంపకూడదు. కుడి భాగం ఇచ్చే దాతల్లో వెయ్యికి 2 నుంచి 5 మంది దాకా చనిపోయే ముప్పు ఎలాగూ ఉంది. దాన్ని మన చేతులతో పెంచకూడదు. రోగి చిన్నపిల్లాడైతే పరిస్థితి వేరు. ఎడమవైపు చివరి చిన్న ముక్క చాలు, దాతకు చాలా మిగులుతుంది, కాబట్టి కొవ్వు హద్దు కాస్త సడలిస్తారు.

ఎనిమిదో మెట్టు: కొవ్వు తగ్గించి మళ్లీ చూడడం

రోగికి నెలో రెండు నెలలో ఆగే ఓపిక ఉంటే దాతను సిద్ధం చేయొచ్చు. నాలుగు నుంచి ఎనిమిది వారాలు, రోజుకు సుమారు 1,200 క్యాలరీలు, రోజూ గంట చురుకైన నడక. మందు పూర్తిగా బంద్. బరువులో 5 శాతం తగ్గితే, అంటే 80 కిలోల మనిషి 76కి దిగితే, లివర్‌లో కొవ్వు కంటికి కనబడేంత తగ్గుతుంది.

మన తిండితో ఒక రోజు ఇలా కుదురుతుంది. పొద్దున రెండు ఉడికించిన గుడ్లు, చెంచా నూనెతో ఒక పెసరట్టు. మధ్యాహ్నం 150 గ్రాముల అన్నం, ఒక కప్పు గట్టి పప్పు, చెంచా నూనెతో కూర, చిన్న కప్పు పెరుగు. అన్నాన్ని కంటితో కాకుండా తూకం మీద పెట్టి కొలవండి, మన ఇళ్లలో "కొంచెం" అంటే సులువుగా 300 గ్రాములు ఉంటుంది. సాయంత్రం మజ్జిగ. రాత్రి ఒక జొన్న రొట్టె, 150 గ్రాముల చేప గానీ చికెన్ గానీ, ఆకుకూర. చక్కెర వేసిన టీ, జ్యూసులు, కూల్‌డ్రింకులు, బేకరీ సరుకు ఆపేయాలి. ఆవకాయ మీద తేలే నూనె ఒక పెద్ద చెంచా 120 క్యాలరీలు, దాన్ని కూడా లెక్కేయాలి.

తొందరపడి పస్తులుండకూడదు. విపరీతమైన వేగంతో తగ్గితే లివర్‌లో వాపు రావచ్చు, పిత్తాశయంలో రాళ్లు ఏర్పడవచ్చు. డైటీషియన్, హెపటాలజిస్ట్ (లివర్ డాక్టర్) చూస్తుండగానే చేయాలి. "లివర్ క్లీన్ అవుతుంది" అంటూ ఎవరో ఇచ్చే కషాయాలు, మూలికల పొడులు అస్సలు వద్దు. తిప్పతీగ వాడి లివర్ దెబ్బతిన్న కేసులు కోవిడ్ సమయంలో మన దేశంలోనే నమోదయ్యాయి. దాతకు అలాంటి దెబ్బ తగిలితే నెలలు పోతాయి.

మళ్లీ పరీక్ష చేసేటప్పుడు మొదట వాడిన పద్ధతినే వాడాలి. మొదట ఎంఆర్‌ఐ, రెండోసారి ఫైబ్రోస్కాన్ అయితే పోల్చడానికేమీ ఉండదు. బాగా వస్తే ఆపరేషన్‌కు ఎక్కువ రోజులు ఆగకూడదు, తగ్గిన బరువు తిరిగొస్తుంది. ఉన్నట్టుండి లివర్ ఫెయిలై రోగికి గంటలే మిగిలినప్పుడు ఈ మెట్టుకు తావే లేదు. అప్పుడు సీటీ అంకె చూసి, తేలకపోతే వేరే దాతను చూడడమే.

కుదరదని చెప్పాల్సి వచ్చినప్పుడు

చట్టం ప్రకారం దగ్గరి బంధువులంటే భార్య లేదా భర్త, తల్లిదండ్రులు, పిల్లలు, అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు, తాతలు, అమ్మమ్మలు, నానమ్మలు, మనవళ్లు, మనవరాళ్లు. మిగిలినవాళ్లు దాతలైతే ఆథరైజేషన్ కమిటీ అనుమతి కావాలి. ఇంట్లో ఇంకెవరూ కుదరకపోతే రెండు కుటుంబాలు దాతలను మార్చుకునే స్వాప్ మార్పిడికి చట్టంలో వీలుంది. ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో జీవన్‌దాన్ (చనిపోయినవాళ్ల అవయవాలను రోగులకు కేటాయించే ప్రభుత్వ పథకం) జాబితాలో రోగి పేరును మొదటి వారంలోనే నమోదు చేయించండి, దాత పరీక్షలు ముగిసేదాకా ఆగొద్దు.

దాత రిపోర్టులు దాతవి. అత్తగారికో బావగారికో చూపించాల్సిన పని లేదు. కొవ్వు వల్ల ఆగినా, దాతే భయపడి వెనక్కి తగ్గినా, బృందం కుటుంబానికి చెప్పే మాట ఒకటే ఉండాలి: "వైద్య కారణాల వల్ల కుదరలేదు." కొత్తగా వచ్చిన కోడలి మీదో, ఇంటికి చిన్నవాడి మీదో ఒత్తిడి ఉందేమో దాతతో ఒంటరిగా మాట్లాడి తెలుసుకోవడం ఈ పరీక్షల్లో భాగమే.

కొవ్వుతో ఆగిపోయిన దాత చేతిలో ఫైలు పెట్టి పంపేయకూడదు. ముప్పై ఏళ్ల వయసులో, ఏ లక్షణమూ లేకుండా ఆ మనిషికి ఫ్యాటీ లివర్ బయటపడింది. షుగర్, బీపీ, కొలెస్ట్రాల్ చూసి, హెపటాలజీ ఓపీలో అతని పేరు మీదే వేరే కార్డు రాయించాలి. ఆరు నెలలకు ఏఎల్‌టీ, ఫైబ్రోస్కాన్ తేదీ ఆ రోజే ఇవ్వాలి.